బావ కంపెనీ

“నీ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనక్కా!” అన్నాడు ధర్మయ్య, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.

నీళ్ళ గ్లాసుతో ఎదురొచ్చిన ఉమారాణి అక్కడే ఆగిపోయింది. ఒక్కగానొక్క తమ్ముడు! కాకినాడ అవతల సముద్రపు ఒడ్డు నుంచి రైల్లో పడి ఢిల్లీ వచ్చి, జనక్‌పురిలో అక్క గడప దాటనంటున్నాడు! లోపల ఆఫీసుకి తయారవుతున్న భర్త మనోహర్‌కి అంతా వినిపిస్తూనే ఉంది, బయటికి మాత్రం రాడు. ఏ మొహం పెట్టుకుని వస్తాడు పాపం... ఆయన పనిచేసే తరంగ పెట్రోలియం వారి పైపులైను కిందటి వర్షాకాలంలో పగిలి, ధర్మయ్య ఊరి మడ అడవుల్లోని ఉప్పునీటి పాయంతా చమురుపాలైంది. పీతలు పోయాయి, రొయ్యలు పోయాయి, వలలు గట్టున ఎండుతున్నాయి. కంపెనీ షేరు పాతాళానికి పడిపోయింది. ఇదే అదనుగా గురుగ్రామ్‌లోని ఓ పెద్ద కంపెనీ తరంగను కొనేస్తానని వచ్చి కూర్చుంది. పాయ శుభ్రం చేసే బాధ్యత తమ నెత్తిన పడుతుందేమోనన్నదే వాళ్ళ భయం. “పాయ దానంతటదే బాగుపడుతోంది” అని, ఆ పైపు దగ్గరుండి వేయించిన మనోహర్ ఈవేళ మీటింగులో ఒక్క మాటంటే చాలు... బేరం కుదిరిపోతుంది, అందరి ఉద్యోగాలూ నిలుస్తాయి, ఆయన డైరెక్టరైపోతాడు!

“పైపు ఒద్దన్న ఊరోళ్ళని ఒప్పించిందెవరక్కా? నేను కాదూ!” అన్నాడు ధర్మయ్య. “మా బావ కంపెనీరా, మనకి అన్నేయం సేత్తాడా అని ఇల్లిల్లూ తిరిగాను. ఇప్పుడు ఊళ్ళో తలెత్తుకోలేకపోతన్నాను!”

అయ్యో, ఎలాంటి రోజులవి! సర్వేకని వచ్చిన కొత్త ఇంజనీరు మనోహర్‌ను పడవ ఎక్కించుకుని తీసుకెళ్ళాడు, అప్పుడే మీసాలొస్తున్న ధర్మయ్య. కెరటాలకి ఆ మహానుభావుడు కక్కుకుని కక్కుకుని సోలిపోతే, మోసుకొచ్చి వాళ్ళ అరుగు మీద పడుకోబెట్టాడు. ఉమారాణి నిమ్మకాయ పిండిన మజ్జిగ ఇస్తే, “ఈయన సముద్రానికి పనికిరాడక్కా, మనింటికేవన్నా పనికొత్తాడేమో సూడు!” అన్నాడా కొంటె వెధవ. సిగ్గుతో ఆమె లోపలికి పారిపోయింది. తరంగ వాళ్ళు సముద్రంలో తవ్విన బావిలో మొదటిసారి చమురు తగిలి మంట లేచిననాడు, ఆ సంబరం చూడ్డానికి ఊరు ఊరంతా ఒడ్డుకి పరుగెత్తింది. ధర్మయ్య తన పడవ మీద తరంగ పేరు రాయించుకుని ఊరేగాడు. ఆ సంతోషమంతా ఎక్కడికి పోయింది దేవుడా...

“ఠీక్ హై మామయ్యా! ఆప్ నహీ పియోగే తో మై భీ కుఛ్ నహీ ఖావూంగీ!” మీరు తాగకపోతే నేనూ ఏమీ తిననంటూ కూతురు వాసవి వచ్చి మేనమామ పక్కనే గుమ్మంలో చతికిలబడింది.

“దీనికి తెలుగు నేర్పించలేదేంటక్కా!” అని విసుక్కుంటూనే ధర్మయ్య గ్లాసు అందుకున్నాడు. మేనకోడలి పస్తు చూడగలడా వాడు!

ఉమారాణి గదిలోకి వెళ్ళింది. “ఏమండీ... మీ ఆఫీసు సంగతుల్లో నేనేనాడూ వేలు పెట్టలేదు...”

“నేను ఆ మాట అనకపోతే ఎంతమంది రోడ్డున పడతారో తెలుసా ఉమా?”

“తెలుసు. ఆ మాట అబద్ధమని మీకూ తెలుసు! మిమ్మల్ని నమ్మి వాడు ఊరికి మాటిచ్చాడండీ...” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మనోహర్ ఆఫీసు కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ పగలంతా ఆమె చేసిన వంటలో ఉప్పుందో లేదో ఆమెకే తెలియదు.

సాయంత్రం ఆయన ఆఫీసు కారులో రాలేదు, మెట్రో దిగి నడుచుకుంటూ వచ్చాడు. కుర్చీలో కూలబడి, “చెప్పేశాను ఉమా!” అన్నాడు. “బురద మోకాలి లోతు తవ్వినా ఇంకా చమురే వస్తోందని చెప్పేశాను. పాయ బాగుచేసే పూచీ పడకుండా కొంటే పాపమన్నాను. వాళ్ళు కొంటారో మానేస్తారో తెలీదు... మా ఛైర్మన్ మాత్రం నన్ను రేపట్నించి రావద్దన్నాడు.”

ఇక ఇల్లు గడిచేదెలా అనుకుంది ఉమారాణి. అయినా ఆ మనిషిని చూస్తే కడుపు నిండినట్టుంది, ఏం చెప్పమంటారు!

ధర్మయ్య లేచి బావ ఎదురుగా నిలబడ్డాడు. కళ్ళు ధారలు కడుతున్నాయి. “ఇక్కడ సెప్తే సాలదు బావా. ఊరొచ్చి, నా పక్కన నిలబడి సెప్పు.”

“తంతారేమోరా ధర్మా...”

“తంతారు. ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే తిట్లు తిన్నాను. ఇప్పుడిద్దరం కలిసి తిందాం దెబ్బలు!”

మనోహర్ నవ్వబోయి, బావమరిది భుజం మీద తల పెట్టుకుని భోరుమన్నాడు.

“ఇద్దరేమిటి, ముగ్గురం!” అంటూ ఉమారాణి కళ్ళు తుడుచుకుని అల్మారా మీది పెట్టె దింపింది.