అలసంద వేస్తే పత్తి మొలిచింది

“ఐదో క్లాస్ సైన్స్‌కు కథల పుస్తకాలుండాయాప్పా?”

నేను తలెత్తకుండానే ఒక గైడ్ తీసి బల్ల మీద పెట్టాను.

“గైడ్ అడిగినానా నేను?”

అప్పుడు తలెత్తాను. ఎత్తిన తల దించడం మర్చిపోయాను.

ఆదోని మార్కెట్ యార్డు రోడ్డులో మా అంగడి. గైడ్లు, టెస్ట్ పేపర్లు, నోటుబుక్కులు అమ్ముతాను. మార్చి నెలలో నా దగ్గరికి వచ్చేవాళ్లంతా భయపడుతూ వస్తారు. ఈ అమ్మాయి కోపంగా వచ్చింది. నుదుట చెమట, చేతిలో ఎమ్మిగనూరు బస్సు టికెట్టు, వేళ్లకు అక్కడక్కడా నూలుకు వేసే రంగు. అన్నా అనకుండా అప్పా అంది కదా, అదొక్కటే కలిసొచ్చింది అనుకున్నాను.

“ఎవరికండీ పుస్తకాలు?”

“మా అన్న కూతురికి. ఉచ్చీరమ్మ దాని పేరు. అరుగు మీద నుంచి దూకి తొడ ఎముక విరగ్గొట్టుకునింది. మూడు నెలల నుంచి మంచం మీదే. ఇంట్లో నేనే పాఠాలు చెప్తాండా. జూన్‌లో బడోళ్లు టెస్ట్ పెడతారంట. పాసైతే ఆరో క్లాసు. లేకుంటే మళ్లా ఐదే. దాని జతగత్తెలంతా ముందుకు పోతారు, ఇదొక్కటే ఎనక మిగుల్తాది.”

“టెక్స్ట్ బుక్ ఉంటుంది కదా?”

“దాన్ని ఇప్పటికి మూడు సార్లు ఇసిరి కొట్టింది. బయటికి పోలేని పిల్లకు బయటిదంతా మంచం మీదకే రావల్ల. మొక్కలు, పురుగులు, మన్ను, రాళ్లు, వాన. లెసన్‌కొక పుస్తకం కావల్ల. బొమ్మలుండల్ల, చదివితే నవ్వు రావల్ల. మీరు చదివి బాగుండాయనుకున్నవే ఇయ్యండి.”

“నా దగ్గర ఉన్నవన్నీ చదివినవే” అన్నాను చాలా ధైర్యంగా.

నిజానికి నేను పిల్లల పుస్తకం ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. టెన్త్‌లో సైన్స్ రెండు సార్లు రాసిన వీరుణ్ణి. హైదరాబాద్ నుంచి వచ్చిన పాత కట్ట విప్పి, అట్ట బాగా మెరుస్తున్న మూడు పుస్తకాలు తీసి ఇచ్చాను. పేరు వనజ అని బిల్లు రాసేటప్పుడు తెలిసింది. బిల్లు అవసరం లేకపోయినా రాశాను.

వారం తిరక్కముందే మూడు పుస్తకాలూ నా బల్ల మీదకు వచ్చి పడ్డాయి.

“మొదటి దాంట్లో అంతా మంచే. ‘మనూర్లో మంచు యాడుందత్తా, ఐసుబండి తప్ప’ అనింది ఉచ్చి. రెండో దాంట్లో మన్ను గోధుమ రంగులో ఉంది. ‘మన మన్ను నల్లగుంటాది గదా, వీళ్ల కాడ నల్ల రంగు అయిపోయిందా’ అనింది.” వనజ మూడో పుస్తకం నా ముందుకు తోసింది. “ఇది మీరు చదివినారా?”

“చదివినా.”

“ఏముంది దీంట్లో?”

అట్ట మీద చేప ఉంది. “చేపలు” అన్నాను.

“పదో పేజీ నుంచి కాగితాలు అతుక్కోనే ఉండాయి. కోయకుండా ఎట్ల చదివినారు?”

ఇంకో అబద్ధం తయారుగానే ఉంది గానీ, ఆమె కళ్లు చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

“చదవలేదు. సైన్స్ అంటే నాకు చిన్నప్పటి నుంచి భయం. మీరు మళ్లా రావల్లని అట్ల చెప్పినా.”

తిడుతుందనుకున్నాను. నవ్వింది. స్టూలు లాక్కొని కూర్చుంది.

“కట్టలో ఇంకేముండాయో తీయండి. ఇద్దరం చదువుదాం.”

ఎమ్మిగనూరుకు అరగంటకొక బస్సు. ఆ రోజు ఆమె నాలుగు బస్సులు వదిలేసింది.

అలా మొదలైంది. వారానికొక రోజు వనజ వచ్చేది. మధ్యలో నేను కర్నూలుకో హైదరాబాద్‌కో ఫోన్ చేసి పిల్లల పుస్తకాలు తెప్పించి పెట్టేవాణ్ణి. పుస్తకం ఎంచుకోవడానికి ఆమెకొక లెక్క ఉండేది. చదివాక పిల్ల మంచం మీద కూర్చునే ఏదో ఒకటి చేసి చూడాలి. నాకూ ఒక లెక్క ఉండేది. రెండు సార్లు తప్పిన నాకే అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది.

“ఇదెట్లుంది?” అని అడిగేది.

“వానపాముకు గుండెకాయలు ఐదు జతలంట” అనేవాణ్ణి.

“అన్నిటితో అది ఏం చేసుకుంటాది?”

“నాకు ఒక్కదానితోనే తిప్పలుగా ఉంది ఈ మధ్య.”

ఆమె పుస్తకం అడ్డం పెట్టుకునేది. పుస్తకం పైనుంచి కళ్లు మాత్రం కనిపించేవి, అవి నవ్వేవి.

ఒక మధ్యాహ్నం వనజతో కలిసి వానపాము పుస్తకంలో మునిగి ముగ్గురు గిరాకీలను పంపించేశాను. ఇన్నేళ్లు భయపడి నేనేం పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసింది. సద్ది తెచ్చిన మా అమ్మ జయమ్మ ఇద్దరినీ చూసి, “ఎవరప్పా ఈ పాప?” అంది. “కస్టమర్” అన్నాను. అమ్మ వనజ ముందు కూడా ఒక గ్లాసు మజ్జిగ పెట్టి పోయింది.

ఏప్రిల్‌లో నేనే ఎమ్మిగనూరు వెళ్లాను. మన కొండల మీద ఆ గుండ్రాళ్లను ఎవరు పేర్చారని ఉచ్చి అడిగిందట. ఎండకూ వానకూ బండ ఎలా పగులుతుందో, మూలలు ఎలా అరిగి గుండ్రమవుతుందో చెప్పే పుస్తకం ఒకటి దొరికింది. దానితోపాటు జేబుల నిండా ఆదోని కొండరాయి ముక్కలు, ఒక పొట్లంలో నల్లరేగడి, ఇంకో పొట్లంలో మంత్రాలయం వెళ్లినవాళ్లతో తెప్పించిన తుంగభద్ర ఇసుక.

పదేళ్ల ఉచ్చి మంచం మీద రాణిలా కూర్చుని ఉంది. రాయి ముక్కను ఇసుక పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

“అన్నా, ఈ రాయిలో మెరిసేదీ, ఇసుకలో మెరిసేదీ ఒకటేనా?”

గబగబా పేజీలు తిప్పాను. పుస్తకంలో ఆ సంగతి నాలుగు పేజీల తర్వాత ఉంది.

వనజ నా వైపు చూసింది. ఆ చూపు పట్టుకుని నేను ఆదోని దాకా నిలబడే వచ్చాను. బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

తర్వాత ఒక చిక్కు కనబడింది. ఉచ్చి పాసైతే వనజకు నా అంగడితో పని ఉండదు. ఫెయిలైతే నా మొహం చూడదు. ఆ పిల్ల పాసు కావాలని రోజూ నిజంగానే కోరుకున్నాను. కోరుకున్న ప్రతిసారీ నాకు నేనే గొయ్యి తవ్వుకుంటున్నట్టు ఉండేది.

మే నెల మధ్యలో విత్తనాల పాఠం వచ్చింది. గిన్నెలో దూది పరిచి, తడిపి, అలసందలు వేసి రోజూ చూడమని పుస్తకంలో ఉంది. వనజ ఫోన్ చేసింది.

“ఈ సారి వచ్చేటప్పుడు అలసందలు తీసుకురా. దూది ఈడ మెడికల్ షాపులో తెచ్చుకుంటాలే.”

ఈ రెండు నెలల్లో మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

“ఆదోనిలో ఉండేవాళ్లం, దూది కొనుక్కుంటామా? మా పరువేం కావల్ల?” అన్నాను.

మా మామ, బజారి అని, పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. అడగ్గానే ఒక సంచి నిండా పత్తి ఇచ్చాడు. పైపైన చూశాను, తెల్లగా, మెత్తగా ఉంది. గర్వంగా తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను.

తొమ్మిది రోజుల తర్వాత ఫోన్ మోగింది. వనజ గొంతులో నవ్వు లేదు.

“నువ్విచ్చిన అలసందలు ఎట్లాటివప్పా? అన్నీ కుళ్లిపోయినాయి. వేరే ఏందో మొలిచింది. పుస్తకంలో బొమ్మకూ దానికీ పోలికే లేదు. ఉచ్చి పొద్దున్నుంచి ఏడుస్తాంది. పుస్తకాలన్నీ అబద్ధం అంటాది, లేకుంటే నాకే ఏమీ రాదంటాది. అన్నీ మంచం కిందకి తోసేసింది. టెస్ట్‌కు ఇంక రెండు వారాలే ఉంది. నిన్ను నమ్ముకున్నందుకు నాకు బాగా బుద్ధి చెప్పినావు.”

అంగడి మూసి బస్సెక్కాను.

వాళ్లింట్లో మగ్గం ఆగి ఉంది. వనజ అమ్మ హులిగమ్మ గడపలో కూర్చుని, నన్ను చూసి తల మాత్రం ఊపింది. ఉచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. వనజ గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, దూరంగా పోయి నిలబడింది.

రెండు వెడల్పాటి ఆకులతో నాలుగు మొలకలు. ఒకటి మెల్లగా పైకి లాగాను. ఆకు అంచున గింజ తొక్క ఇంకా పట్టుకుని ఉంది. తొక్క చుట్టూ తెల్లటి పోగులు.

అంతా అర్థమైపోయింది. దూది అంటే గింజ తీసిన పత్తి. నేను తెచ్చింది మిల్లులో గింజ తీయకముందు పత్తి. పుట్టినప్పటి నుంచి పత్తి నింపిన బోరాల మధ్య తిరిగినవాణ్ణి, మెడికల్ షాపులో ఒక చిన్న పొట్లం కొనడానికి పరువు అడ్డొచ్చింది.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మంచం దగ్గర కింద కూర్చున్నాను.

“ఉచ్చీ, పుస్తకం అబద్ధం కాదు. నీ తప్పు కూడా లేదు. తప్పు నాది. ఇది పత్తి మొలక. నేను గింజలున్న పత్తి తెచ్చినా.”

ఉచ్చి ఇటు తిరిగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“పెద్దోళ్లు కూడా తప్పు చేస్తారా?”

“నేనైతే చానా చేస్తా.”

ఆ పిల్ల మొలక అందుకుని తొక్కను గోటితో వలిచింది. పోగులు లాగి చూసింది. ఏడుపు ఎప్పుడు ఆగిపోయిందో తనకే తెలీదు.

“అయితే పత్తి మొలిచింది గదా, అలసందలు ఎందుకు కుళ్లినాయి?”

నాకు తెలీదు. వనజకూ తెలీదు. తెలీదనే చెప్పాము. ఉచ్చి లేచి కూర్చుంది. “రెండు గిన్నెలు తీసుకురాపో అత్తా” అని హుకుం జారీ చేసింది.

ఒక గిన్నెలో మెడికల్ షాపు దూది, ఇంకో దాంట్లో నా పత్తి. నీళ్లు పోసి ముగ్గురం తలలు వంచి చూశాం. దూది గుటగుటా తాగేసింది. పత్తి తాగలేదు, నీళ్ల మీద తేలింది.

“నూనె పూసిన తల మాదిరి నీళ్లే అంటలే. దీనికి జిడ్డుంది” అంది ఉచ్చి. “నీళ్లన్నీ కిందనే నిలిచినాయి. అలసందలు బరువుకు జారి మునిగిపోయి ఊపిరాడక సచ్చిపోయినాయి. పత్తి గింజలు పైన తేల్తాండాయి, కాబట్టి బతికినాయి.”

మంచం కింద నుంచి పుస్తకాలు ఒక్కొక్కటీ పైకి తీసింది వనజ. చివరిది అందిస్తుంటే మా ఇద్దరి చేతులూ ఒకే అట్ట మీద ఉన్నాయి. ఎవరూ తీయలేదు.

“టెస్ట్ రోజు నువ్వూ రావల్ల” అంది మెల్లగా.

“నేనెందుకు?”

“తప్పు పోతే తిట్టడానికి మనిషి ఉండల్ల గదా.”

జూన్ రెండో వారం. ఎమ్మిగనూరు మీద మబ్బు దిగి ఉంది. ఉచ్చి చేతికర్ర పట్టుకుని బడి మెట్లెక్కింది. హెడ్‌మిస్ట్రెస్ సారమ్మ మేడమ్ లెక్కలు, తెలుగు అయిపోయాక సైన్స్‌కు వచ్చారు. వనజ, హులిగమ్మవ్వ గోడ దగ్గర బెంచీ మీద. నేను తలుపు దగ్గర.

“విత్తనం మొలకెత్తడానికి ఏమేం కావాలి?”

“నీళ్లు, గాలి, వెచ్చన” అంది ఉచ్చి.

“గాలి ఎందుకు? మన్ను లోపల గాలెక్కడిది?”

వనజ చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది. ఉచ్చి ఒక్క క్షణం ఆగింది. తర్వాత గిన్నె, అలసందలు, కుళ్లు వాసన, జిడ్డు పత్తి, రెండో గిన్నె అంతా చెప్పుకొచ్చింది. అక్కడి నుంచి మన్ను మీదకు దూకింది. ఇసుకలో నీళ్లు ఎందుకు జారిపోతాయో, రేగడిలో ఎందుకు నిలుస్తాయో, నీళ్లు నిలిచిన చేలో విత్తనం ఎందుకు కుళ్లుతుందో చెప్పింది. ఆపమంటే గానీ ఆపలేదు.

మేడమ్ కళ్లజోడు తీసి నవ్వారు. “ఆరో తరగతిలో కూర్చో తల్లీ. ఆ పత్తి ఎవరు తెచ్చారు?”

“మామ తెచ్చినాడు.”

“ఏ మామ?”

ఉచ్చి చేతికర్ర ఎత్తి నన్ను చూపించింది.

నిన్నటిదాకా నేను ఆ పిల్లకు అన్నని. అత్త పక్కన మామ అంటే ఏమిటో మా వైపు పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. వనజ చెవులు ఎర్రబడ్డాయి.

బయట వరండాలోకి వచ్చేసరికి వాన మొదలైంది. హులిగమ్మవ్వ మనవరాలి గడ్డం పట్టుకుంది.

“అన్నా అంటాంటివి గదే. మామ ఎప్పుడైనాడు?”

“అత్త ఫోన్లో నవ్వుతాంటాది గదవ్వా, అప్పుడే అయినాడు.”

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. వరండాలో చోటు లేక సగం వానలోనే నిలబడి ఉన్నాను.

“అవ్వా, పాప పాసు కావల్లని రోజూ కోరుకున్నా. పాసైతే వనజ ఇంక ఆదోనికి రాదని రోజూ భయపడినా. నాకు వనజ అంటే ఇష్టం.”

“నాకు చెప్తావేమప్పా? దానికి చెప్పు.”

వనజ వైపు తిరిగాను. వాన నీళ్లు కళ్లలోకి కారుతున్నాయి. “వనజా, నాకు నువ్వంటే...” అని మొదలుపెట్టాను.

“ఇప్పుడే చెప్పినావు లే, విన్నా” అంది వనజ. “నాలుగు బస్సులు వదులుకొని ఆ ఉక్కలో కూర్చున్నది వానపాముల కోసమనుకుంటివా? నాకూ ఇష్టమే, ఈరేష్.”

నా పేరు ఆమె నోట వినడం అదే మొదటిసారి.

హులిగమ్మవ్వ చెయ్యి చాపింది. “మీ అమ్మకు ఫోన్ కలుపు.”

కలిపి ఇచ్చాను. అవ్వ ఫోన్ చెవికి ఆనించుకుని, వానకు వినబడేలా గొంతు పెంచింది.

“అమ్మా, ఎమ్మిగనూరు నుంచి హులిగమ్మను మాట్లాడతాండా. మీ పిల్లోడు ఈడ వానలో తడుస్తాండాడు. మా వనజ కోసమంట. పంపియమంటావా, ఉంచుకోమంటావా?”

అటువైపు అమ్మ చాలాసేపు మాట్లాడింది. వాన శబ్దంలో నాకు ఒక్క ముక్కా వినబడలేదు. అవ్వ ఫోన్ నా చేతిలో పెట్టి, పక్కకు జరిగి వరండాలో నాకు చోటిచ్చింది.

“ఉంచుకోమనింది” అంది.