చిటికెన వేలి తిమ్మిరి

“మెడనొప్పి డాక్టరుగారూ. మెడకి మందు రాసిస్తే చాలు.”

“రోగం కూడా మీరే చెప్పేస్తే నేనెందుకిక్కడ?” అంది డాక్టర్ యున్‌రూ.

బోయాన్ హువెయ్ పట్టణంలో చేతిబొమ్మలు ఆడిస్తాడు. తండ్రి పోయాక బృందం బరువంతా అతనిదే. ముందురోజు గుడి ఉత్సవంలో, యుద్ధం మంచి రసపట్టులో ఉండగా వీరుడి చేతిలోంచి కత్తి జారి ముందు వరుసలో పడింది. జనం పగలబడి నవ్వారు. తెర వెనక బోయాన్ మాత్రం చెమటలు కక్కాడు. కత్తి పట్టిన వీరుడి చేతిని ఆడించే తన చివరి రెండు వేళ్ళూ మొద్దుబారిపోయాయి. అదంతా మెడవల్లేనని అతని తీర్మానం.

యున్‌రూ ఒక కాగితం ఇచ్చింది. “బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా పట్టుకోండి. నేను లాగుతాను.”

“బొమ్మలాడించే చెయ్యండీ ఇది. ఓడిపోతారు.”

కాగితం చటుక్కున ఆమె చేతిలోకి వచ్చేసింది.

“ఇంకోసారి!” అన్నాడు ఉక్రోషంగా. ఇంకోసారీ వచ్చేసింది.

ఆమె అతని మోచేతి లోపలివైపు ఎముక వెనక వేలితో చిన్నగా తట్టింది. జివ్వుమని చిటికెన వేలి దాకా కరెంటు పాకింది.

“అమ్మో! ఏం చేశారు?”

“మీ మెడ దొరికింది. మోచేతి దగ్గరుంది.”

నరాల పరీక్షలోనూ అదే తేలింది. ఏళ్ళ తరబడి మోచెయ్యి మడిచి పైకెత్తి ఉంచడంతో అక్కడ నరం నలిగిపోతోంది. చెయ్యి చాచి ఉంచేందుకు పట్టీ కట్టించింది. వారాలు గడిచాయి. వచ్చిన ప్రతిసారీ అతను బొమ్మలాటలోని రాణిగారి గొంతుతో ఆమెని వెక్కిరించేవాడు, ఆమె నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకునేది. వేళ్ళ బలం మాత్రం తగ్గుతూనే వచ్చింది.

“ఆపరేషన్ తప్పదు,” అంది ఒకరోజు. “డాక్టర్ తాంగ్ చేస్తారు.”

“మీరు చెయ్యరా? భయమా?”

“భయమా! ఇలాంటివి ఎన్నో చేశాను. మీది కళ్ళు మూసుకుని చెయ్యగలను.”

“మరి?”

“మీరొచ్చే రోజు నేను రెండుసార్లు అద్దం చూసుకుంటున్నాను. అలాంటి డాక్టరు మీ చేతి మీద కత్తి పెట్టకూడదు. ఇవాళ్టి నుంచి మీ కేసు నాది కాదు.”

బోయాన్‌కి ఏ బొమ్మ గొంతూ సాయం రాలేదు. సొంత గొంతుతోనే అన్నాడు, “నేను ఒక్కసారే చూసుకుంటున్నాను. కాకపోతే చాలాసేపు.”

ఆపరేషన్ రోజు థియేటర్ బయట బెంచీ మీద అతని తల్లి పక్కన కూర్చుంది యున్‌రూ. లోపల తాంగ్ నరం మీద బిగుసుకున్న పొర కోసి, దానికి ఊపిరాడేలా చేస్తున్నాడు.

“మావాడి చెయ్యి బాగవుతుందా అమ్మాయ్?”

“అవుతుందండీ. నెలలు పడుతుంది. రోజూ వ్యాయామం చేయించాలి.”

“చేయించు మరి.”

“నేనా?”

“వాడు నా మాట ఏనాడు విన్నాడు? నీ పేరు చెప్తేనే ఆ పట్టీ కట్టుకునేవాడు,” అంది తల్లి, వేడి టీ ఆమె చేతిలో పెడుతూ.

శరదృతువులో మళ్ళీ ఆట మొదలైంది. చివర్లో వాన కురిసినా జనం గొడుగులు తెరిచి నిలబడ్డారేగానీ కదల్లేదు. ఆట ముగిశాక వేదిక వెనక్కి పరిగెత్తుకొచ్చింది యున్‌రూ, తడిసి ముద్దయి. బోయాన్ ఆమె చెయ్యి అందుకున్నాడు.

“ఎంత చల్లగా ఉందో నీ చెయ్యి!”

“ఏ వేలు చెప్పింది?” అడిగింది డాక్టరు.

“అయిదూ చెప్పాయి,” అన్నాడు, వదలకుండా.