సరంగు దాటిన దడి

వెంకటరాజు సొంత తమ్ముడు కాబట్టి బతికిపోయాడు గానీ, పరాయివాడైతే పల్లంరాజు ఎప్పుడో తెడ్డు పుచ్చుకుని నెత్తిన ఒక్కటిచ్చేవాడు. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ దొడ్డిని రెండు వాటాలు చేసుకుని మధ్యన తాటాకు దడి కట్టుకున్నారు. నిరుడు గాలివానకి అది పడిపోయింది. పల్లంరాజు కాకినాడ రేవుకి వెళ్లిన రోజు చూసి, వెంకటరాజు కొత్త దడి కట్టించాడు. పాత గుంజల చోట కాదు, అన్న వాటాలోకి మూరన్నర జరిపి. అదేంటని అడిగితే, “నేలంతా కొట్టుకుపోయింది అన్నయ్యా, పాత గుంజలు ఎక్కడున్నాయో ఎవడికి తెలుసు?” అన్నాడు. ఆ మాట పల్లంరాజు గొంతులో ముల్లులా దిగబడింది. ఎంత అన్నం ముద్ద మింగినా దిగలేదు.

దడికి రెండు పక్కలా చెల్లిన ప్రాణి సరంగు ఒక్కటే. నల్లటి కుక్క. తండ్రి దాన్ని గుప్పెడంత పిల్లప్పుడు తెచ్చాడు. పడవ ముక్కు మీద కూర్చుని, తానే నడిపిస్తున్నట్టు గోదారి మలుపులన్నీ చూసేది. అందుకే పడవ నడిపేవాడి పేరే పెట్టారు. పడవలు, వలలు, కుండలు పంచుకున్నారు గానీ దాన్ని పంచుకోవడం ఎవరికీ చేతకాలేదు. అది దడి కింద కన్నం చేసుకుని, ఇక్కడ గంజి తాగి అక్కడ పడుకునేది. “ఈ కొంపలో సిగ్గులేనిది ఇదొక్కటే” అని తిడుతూనే పల్లంరాజు దానికి చేప తల విసిరేవాడు.

ఆ పొద్దున అతను అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. సరంగు కన్నంలోంచి వచ్చింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటోంది. నాలుగడుగులు వేసి, నురగ కక్కుతూ వల మీదే కూలబడింది.

“లోవా! నీళ్లు తేవే!”

పెళ్లాం లోవలక్ష్మి చెంబుతో పరుగెత్తుకొచ్చింది. నీళ్లు నోట్లో పోస్తే పోసినట్టే బయటికి కారిపోయాయి. ఒళ్లంతా కొయ్యబారింది. కళ్లు మాత్రం పల్లంరాజునే చూస్తున్నాయి. చూస్తూ చూస్తూనే ఆ చూపు ఆగిపోయింది. దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పల్లంరాజుకి అది పోయిందన్న సంగతి కాసేపు తెలియలేదు.

తెలిశాక దడి దగ్గరికి ఒక్క అంగలో వెళ్లాడు.

“ఒరేయ్ వెంకటరాజూ! నేల తిన్నావు, చాల్లేదా? నోరులేని దానికి మందు పెట్టావుగా!”

తమ్ముడు దడి మీంచి తల ఎత్తాడు. “ఎవరికి? ఏంటన్నయ్యా?” చచ్చిపడున్న కుక్కని చూసి అతని ముఖం పాలిపోయింది. “సరంగేనా? రాత్రి నా మంచం కిందే పడుకుందే!”

“నీ మంచం కింద పడుకునే చచ్చింది మరి!”

“నాన్న తెచ్చిన కుక్కకి నేను మందు పెడతానా? నోరెలా వచ్చింది నీకు?”

“గుంజలు పీకడానికి చెయ్యెలా వచ్చిందో, అలాగే వచ్చింది!”

ఈలోగా లోవలక్ష్మి కుక్క కక్కినదాన్ని పుల్లతో కదిపి, అందులో తెల్లటి ముళ్ల తోలు ముక్క చూసింది. పొట్ట బుడగలా ఉబ్బించుకునే విషచేప తోలు అది. ఆమె పుల్ల కింద పడేసింది.

“ఏవయ్యా, పొద్దున్నే బుట్ట ఎక్కడ దులిపావు?”

పల్లంరాజు చూపు దడి అవతలికి వెళ్లింది.

ఆ చేప వల్లో పడితే ఇంటికి రానివ్వకూడదని, రేవులోనే ఇసకలో లోతుగా పాతెయ్యాలని తండ్రి చిన్నప్పుడే నేర్పాడు. నిన్న రేవులో మూరన్నర గురించి తమ్ముడితో వాదులాట పెట్టుకుని, అది బుట్ట అడుగునే ఉన్న సంగతి మరిచాడు. ఇవాళ చీకటి విడకముందే, రోజూ దులిపేచోటే దులిపాడు. దడి అవతల. చేపల పేగులు కంపుకొట్టి, ఈగలు ముసిరి తమ్ముడి కాపరానికి తిక్క కుదరాలని ఏడాదిగా అదే పని.

అవతల తమ్ముడి పెళ్లాం బుల్లెమ్మ నాలుగేళ్ల సత్తెమ్మని చంకనేసుకుని వచ్చింది.

“బావగారండీ, మీరు దులిపిందంతా నేను రోజూ పిల్ల లేవకముందే ఎత్తి పాతేసేదాన్నండి. మీ తమ్ముడికి చెబితే తలలు పగులుతాయని నోరు మూసుకున్నానండి. ఇవాళ ఒళ్లు వెచ్చగా ఉండి లేటుగా లేచాను. వచ్చి చూస్తే పిల్ల ఆ చేపని పట్టుకుని బూర అంటా నోటి దగ్గర పెట్టుకుంటోంది. సరంగు లాక్కుని తినేసింది.”

కాపాడాలని కాదు. అది తిండిపోతు, అంతే.

“పెదనాన్నా, సరంగు నా బూర తినేసింది” అంది సత్తెమ్మ ఫిర్యాదుగా.

“అవునమ్మా” అన్నాడతను.

వెంకటరాజు కొట్టడానికే అన్నట్టు దడి తోసుకుని వచ్చాడు. వచ్చి, అన్న ముఖం చూసి ఆగిపోయాడు. పిడికిలి విప్పి, సరంగు ముందుకాళ్లు పట్టుకున్నాడు. “వెనక పట్టు అన్నయ్యా” అన్నాడు.

అది రోజూ పడుకునే వైపే, దడి పక్కనే గొయ్యి తవ్వారు. ఏడాదిలో పల్లంరాజు అటు కాలు పెట్టడం అదే మొదలు. రెండు మూరల లోతున గునపం టక్కుమంది. మట్టి తీస్తే తాటిగుంజ మొదలు, తండ్రి నేర్పిన తాడు ముడితో సహా. పాత దడి గుంజ. పల్లంరాజు ఏడాదంతా అరిచిన చోటే, అంగుళం తేడా లేకుండా.

వెంకటరాజు తల దించుకున్నాడు. “అన్నయ్యా, రేపే దడి జరుపుతాను.”

పల్లంరాజు సరంగుని ఆ గుంజ మొదలు మీదే పడుకోబెట్టి, తన పైపంచె కప్పి, దోసిళ్లతో మట్టి పోశాడు. పోస్తూ పోస్తూ పిల్లాడిలా ఏడ్చాడు.

“జరపకురా. దాని నిద్ర చెడుతుంది” అన్నాడు.

అలా ఆ దొడ్డిలో పల్లంరాజు పోగొట్టుకున్న నేల, వెడల్పు మూరన్నర, పొడవు ఇరవై రెండు మూరలు.