ఒక పక్కే రంగున్న ఇంజన్

ఇంట్లో దొంగతనం జరిగిందని వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు ఏం పోయిందో చెబుతారు. నిర్మాత అచ్యుతరామయ్యగారు మాత్రం రెండు పట్టాల మధ్య దూరం ఎంతో చెప్పడం మొదలుపెట్టారు.

"పదహారున్నర మిల్లీమీటర్లమ్మా! వెంట్రుకవాసి తేడా వచ్చినా బండి పట్టాలు దిగిపోతుంది. ఆ పట్టాల్లోంచే కరెంటు వస్తుంది. అందుకని రోజూ నేనే స్వయంగా స్పిరిట్ పెట్టి తుడుస్తాను. పనిమనుషుల్ని ముట్టుకోనివ్వను."

యూసుఫ్‌గూడలో దర్జీ దుకాణం మీదున్న ఆ ఇరుకు ఆఫీసులో డిటెక్టివ్ శేషారత్నం చెంప కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. ఏళ్ళ తరబడి హైస్కూల్లో లెక్కలు చెప్పి, పిల్లల అబద్ధాలు విని విని ఈ వృత్తిలోకి వచ్చిన మనిషి. ఆమె అసిస్టెంటు సుబ్రహ్మణ్యం అంతకుముందు సినిమాల్లో అసిస్టెంటు డైరెక్టరు. నిర్మాతల మాటలు ఆపే ధైర్యం అతనికి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. విసుగు మాత్రం నెత్తికెక్కింది.

"అచ్యుతరామయ్యగారూ, పోయిందేమిటి?" అంది శేషారత్నం.

"అదే కదమ్మా చెబుతున్నది. ఇంజన్!"

నిజం ఇంజన్ కాదు. జానెడు పొడవుండే నల్లటి ఆవిరింజను బొమ్మ. పాటల షూటింగుకి జర్మనీ వెళ్ళినవాళ్ళ చేత పనిగట్టుకుని తెప్పించుకున్నది. సినిమాలు తీయడం మానేశాక అచ్యుతరామయ్యగారు జూబ్లీ హిల్స్ ఇంట్లో మేడమీది హాలంతా ఒక బుల్లి రైల్వేగా మార్చేశారు. దానికి కోనాపురం జంక్షన్ అని పేరు కూడా పెట్టారు.

"ఇవాళ అమావాస్య. అమావాస్య నాడు నేను బండి కదలనివ్వను. సినిమాలు తీసే రోజుల నుంచీ అదే పట్టింపు. కానీ చూసుకోవడానికి దోషం లేదుగా? పొద్దున్నే కాఫీ తాగి పైకెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. ఇంజన్ స్టేషన్లోనే ఉంది. దాన్ని పలకరించాను కూడా."

"అది పలికిందా?" అంది శేషారత్నం.

ఆయన పట్టించుకోలేదు. "తర్వాత నా స్నేహితుడు వెంకటరామయ్య వచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. సికింద్రాబాద్ నుంచి చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. తలుపు దగ్గర నిలబడి చూసి, 'ఇదేమిటోయ్, నీ ఇంజన్‌కి ఇటుపక్క రంగు లేదేం?' అన్నాడు. వెళ్ళి చూద్దును కదా, చెక్క! అసలుది పోయింది. దాని చోట చెక్క బొమ్మ!"

"ఎవరి మీదైనా అనుమానమా?"

"అనుమానమేమిటి, ఖాయమే. జంగయ్య అని సెట్టింగుల కార్పెంటరు. పైన బల్ల కట్టిందీ, కొండలు పోసిందీ వాడే. ఆ చెక్కడం వాడి చేతి పనే. సెట్టింగుల బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక పక్కే రంగేశాడు. యూనియన్‌కి ఫోన్ చేసి చెప్పేశాను, తెలిసిన నిర్మాతలందరికీ చెప్పేశాను. ఇక ఏ స్టూడియో గేటూ వాణ్ణి లోపలికి రానివ్వదు. రేపు పొద్దున్న పోలీసులకి అప్పజెబుతాను. ఈలోగా ఇంజన్ ఎక్కడ దాచాడో మీరు కక్కించాలి."

"శిక్ష ముందే వేసేశారు. విచారణకి నన్ను పిలిచారు. బాగుంది," అంటూ శేషారత్నం చెప్పులేసుకుంది.

జూబ్లీ హిల్స్ ఇంటి గేటు పక్కన నడివయసు మనిషి ఒకడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అతనే జంగయ్య. ఎవరూ కట్టేయలేదు. పారిపోతే నిజంగానే దొంగనంటారని తనే కూర్చున్నాడట.

లోపల అచ్యుతరామయ్యగారి భార్య రాజ్యలక్ష్మిగారు కాఫీ ఇస్తూనే అందుకుంది. "ఇంజన్ పోయిందని ఆయన మధ్యాహ్నం అన్నం ముట్టలేదండీ. నాకు ఆపరేషనైన రోజు రెండు మార్లు వడ్డించుకున్నారు! ఆ దొంగెవరో గానీ, పట్టాలు కూడా పట్టుకుపోయి ఉంటే వాడి పేరు మీద కొబ్బరికాయ కొట్టేదాన్ని."

సుబ్రహ్మణ్యం ఆ మాట గట్టిగా మనసులో పెట్టుకున్నాడు. ఇంతకంటే పెద్ద కారణం ఎవరికుంటుంది?

మేడమీద హాలు చూసేసరికి మాత్రం అతని విసుగు కాసేపు ఎగిరిపోయింది. తలుపు దగ్గర కాస్త చోటు వదిలి, గోడల పొడవునా చుట్టూ తిరిగే బల్ల. దాని మీద పట్టాలు, వంతెన, సొరంగం. రంపపు పొట్టుకి పచ్చరంగు కలిపి పరిచిన గడ్డి. స్టేషన్ బయట ఒక జట్కాబండి కూడా ఉంది. బల్లకి నడుమ ఖాళీ, ఆ ఖాళీలో గిర్రున తిరిగే కుర్చీ, చేతికందేలా మీటలు. అక్కడికి చేరాలంటే బల్ల కింద నుంచి దూరాల్సిందే.

"చూసేవాళ్ళంతా తలుపు దగ్గర, బల్లకి ఇవతలే నిలబడతారు. లోపలి కుర్చీ నాది," అన్నారు అచ్యుతరామయ్యగారు. "బండి పట్టాలు మారే ఈ పాయింట్లున్నాయి చూశారూ, ఇవి తిప్పితే..."

"తర్వాత తిప్పుదురు గాని. ఆ చెక్క బొమ్మని పొద్దున్న ఎలా ఉందో అలాగే పెట్టండి. సుబ్రహ్మణ్యం, నువ్వు లోపలికి దూరు."

ఇస్త్రీ ప్యాంటుతో పాకుతూ వెళ్ళాడు సుబ్రహ్మణ్యం. మధ్యలో తల బల్లకి కొట్టుకుంది. పైన కొండ కదిలిందని అచ్యుతరామయ్యగారు కేకపెట్టారు. తల సంగతి ఎవరూ అడగలేదు.

"కూర్చున్నావా? ఏం కనిపిస్తోంది?"

"ఇంజనే మేడమ్. అచ్చం నిజం ఇంజన్. చక్రాలు, పొగగొట్టం, అన్నీ ఉన్నాయి."

"నాకు ఇటు ఒట్టి చెక్క కనిపిస్తోంది," అంది శేషారత్నం. ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు. ఆమె అలా నోరు మూసుకుందంటే లెక్క తేలుతోందన్నమాట. తనకి మాత్రం తల మీద బొప్పి తప్ప ఏమీ తేలనందుకు సుబ్రహ్మణ్యానికి ఒళ్ళు మండింది.

అప్పుడే ఆ ఇంటి కొడుకు శశిధర్ వచ్చాడు. తండ్రి డబ్బు ముట్టుకోకుండా మొదటి సినిమా తీసుకుంటున్న కుర్రాడు. నిద్రలేని కళ్ళు. వేసుకున్న తెల్ల ప్యాంటు అంచులు నీలంగా ఉన్నాయి. చాకలి నీలిమందు దండిగా దట్టించాడు కాబోలు అనుకున్నాడు సుబ్రహ్మణ్యం.

"పొద్దుటి నుంచీ ఎక్కడున్నావు బాబూ?" అంది శేషారత్నం.

"మోతీనగర్‌లో ఫ్రెండు రూములో పడుకున్నానండీ. అమావాస్య నాడు ఎవడైనా షూటింగ్ చేస్తాడా? ఊళ్ళో స్టూడియో ఫ్లోర్లన్నీ తాళాలే."

"నీ సినిమా ఎంతవరకూ వచ్చింది?"

"సగం అయింది. మిగతా సగం మా కెమెరామన్ దయ. మద్రాసు మనిషి. మనకి మంచి రోజైతే ఆయన తల అడ్డంగా ఊపుతాడు, మనం ఇల్లు కదలని రోజు ముహూర్తం పెడతాడు. నా తలప్రాణం తోకకొస్తోంది. ఇంతకీ నాన్న ఇంజన్ దొరికిందా?"

"దొరుకుతుంది," అంది శేషారత్నం. "జంగయ్యని పైకి పిలవండి. రాజ్యలక్ష్మిగారూ, మీరూ రండి."

అందరూ హాల్లో చేరారు. జంగయ్య తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"జంగయ్యా, ఈ చెక్క ఇంజన్ నువ్వే చేశావా?"

"నేనే చేసిన అమ్మా."

"చూశారా! ఒప్పుకున్నాడు!" అన్నారు అచ్యుతరామయ్యగారు.

"మరి పొద్దుటి నుంచీ ఎందుకు చెప్పలేదు?" అంది శేషారత్నం.

"ఎవ్వరు అడగలే. ఏడ వెట్టినవ్, ఏడ వెట్టినవ్ అని అరిచిండ్రు. నేనేడ వెట్టలే. గదే చెప్పిన."

శేషారత్నం నుదురు కొట్టుకుంది. "ఇంకొక్క ప్రశ్న. ఎవరు చెయ్యమన్నారో చెప్పొద్దు. కెమెరా ఎటు ఉంటుందన్నారు?"

"పెద్దసారు కుర్చీ కాడ అన్నరు."

శశిధర్ కిటికీ వైపు తిరిగాడు.

"సెట్టింగులవాళ్ళు రంగు డబ్బా మూత తీసేముందు అడిగే మాట అదొక్కటే," అంది శేషారత్నం. "కెమెరాకి కనిపించే పక్కే రంగు, రెండో పక్క దండగ. సుబ్రహ్మణ్యం, ఇన్నాళ్ళు సెట్ల మీద ఉన్నావు, నీకు తట్టలేదేం?"

"దెబ్బ తగిలింది మేడమ్," అన్నాడు సుబ్రహ్మణ్యం తల తడుముకుంటూ.

"అచ్యుతరామయ్యగారూ, వినండి. మధ్యలో పట్టాల సంగతి ఎత్తకండి. ఈ బొమ్మ చేయించినవాడికి తలుపు దగ్గర నిలబడేవాళ్ళ భయం లేదు. మీ ఒక్కరి కళ్ళు కప్పితే చాలు. అతిథి ఊడిపడతాడని వాడికి తెలియదు. సరే, మీరు కుర్చీలో కూర్చుంటే మీట తిప్పరా? తిప్పితే చెక్క కదులుతుందా? మీరు చూస్తారే గాని నడపని రోజు ఒక్కటే, అమావాస్య. అంటే వాడికి ఇంజన్ కావలసింది ఇవాళ ఒక్కరోజుకే. రేపు మీరు మీట తిప్పేలోగా తిరిగి పెట్టేయాలి. అమ్ముకునే దొంగకి తిరిగి పెట్టే బాధ ఎందుకు?"

"అమ్మడానికి కాకపోతే ఎందుకూ?"

"బొమ్మ రైలుతో పెద్దవాళ్ళకి ఒక్కరోజు పని ఏముంటుంది? అందులోనూ సినిమావాళ్ళుండే ఈ జూబ్లీ హిల్స్‌లో? సినిమాలో రైలు ప్రమాదం తీయడానికి. కానీ అమావాస్య నాడు మనవాళ్ళెవరూ కెమెరా కదపరు. కదిపేది అరవవాళ్ళు. మనకి అమావాస్య చెడ్డరోజైతే వాళ్ళకి నిండైన మంచి రోజు. ఊళ్ళో మద్రాసు కెమెరామన్లు ఇంకా ఉండొచ్చు. మీ అమావాస్య పట్టింపు తెలిసి, మీ ఇంట్లో తెల్లారకముందే మేడెక్కగలిగినవాడు మాత్రం ఒక్కడే."

"ఇదంతా ఊహ," అన్నాడు శశిధర్.

"నీ ప్యాంటు కూడా ఊహేనా నాయనా? నీలం పెడితే ప్యాంటంతా పెడతారు, చీలమండల దాకా పెట్టి వదిలేయరు. తొట్టిలో నీళ్ళు నదిలా కనిపించాలంటే నీలిమందు కలుపుతారట. ఈ సంగతి మాత్రం మా సుబ్రహ్మణ్యమే ఎప్పుడో చెప్పాడు."

సుబ్రహ్మణ్యానికి గర్వంగానూ ఉంది, చాకలిని అనవసరంగా తిట్టుకున్నందుకు సిగ్గుగానూ ఉంది.

శశిధర్ కిందికెళ్ళి, కారు డిక్కీలోంచి తువ్వాలు మూట తెచ్చాడు. విప్పితే నల్ల ఇంజన్. పొగగొట్టం విరిగింది, ముందు చక్రాలు ఊడాయి, ఇంకా నీలం నీళ్ళు కారుతున్నాయి.

"వంతెన మీద ఆపేస్తామన్నారు మావాళ్ళు నాన్నా. ఆగలేదు. తొట్టిలో పడిపోయింది. అడిగితే ఇంజన్‌ని గుమ్మం దాటనివ్వనన్నారు కదా, అందుకని..."

అచ్యుతరామయ్యగారు ఇంజన్‌ని పసిపిల్లాడిలా రెండు చేతుల్లోకి తీసుకున్నారు. మొహం ఎర్రబడింది. అరుస్తారని అందరూ ఎదురుచూశారు.

"పడటం కెమెరాలో వచ్చిందా?" అన్నారు.

"వచ్చింది నాన్నా. ఒకటే టేకు."

"హై స్పీడులో తీశారా? లేకపోతే బొమ్మ పడినట్టే ఉంటుంది."

"ఖర్మ!" అంది రాజ్యలక్ష్మిగారు.

"తండ్రీకొడుకులు సినిమా తర్వాత మాట్లాడుకోండి," శేషారత్నం గొంతు పెంచింది. "తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. శశిధర్, నీ నోట్లోంచి ఒక్క మాట వస్తే ఇతను పొద్దుటి నుంచీ గేటు దగ్గర కూర్చునేవాడు కాదు."

జంగయ్య తల ఎత్తాడు. "ఎవ్వరికి చెప్పనని చిన్నసారు చేతిల చెయ్యేసి మాటిచ్చిన. యాళ్లకు ఆయనే చెప్తడనుకున్న. ఆయన కారు గేట్లకు వచ్చినప్పుడు లేసి నిలవడ్డ. నన్ను చూసిండు. చూసి లోపలికి వోయిండు."

శశిధర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాజ్యలక్ష్మిగారు కొడుకు వైపు చూడలేదు. జంగయ్యకి కుర్చీ లాగి వేసింది. అతను కూర్చోలేదు.

అచ్యుతరామయ్యగారు అప్పటికప్పుడే యూనియన్‌కి ఫోన్ చేశారు. పొరపాటు తనదేనని, రేపు స్వయంగా వచ్చి రాసిస్తానని చెప్పారు. ఫోన్ పెట్టేశాక ఏం చెయ్యాలో తెలియక చెక్క ఇంజన్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పనితనం మాత్రం గొప్పగా ఉందోయ్. అసలుది బాగయ్యేదాకా దీన్నే స్టేషన్లో పెడతాను. ఆ రెండో పక్క కూడా రంగు వేసెయ్."

"ఎయ్య సార్," అన్నాడు జంగయ్య. "పొద్దుగాల సంది అందరికి ఫోన్లు చేసి నేను దొంగనని చెప్పిండ్రు. యూనియన్‌కైతే ఇప్పుడు చెప్పిండ్రు. కడమ నిర్మాతల ఇండ్లకు వోయి కాదని చెప్పరు గద. వాళ్లు మీ రైలు చూడనీకి వస్తరు. వచ్చి ఈ పక్కకే నిలవడ్తరు. రంగెందుకు లేదని అడుగుతరు. అడిగినప్పుడు మీరే చెప్పుండ్రి."

జంగయ్య బొమ్మని అచ్యుతరామయ్యగారి చేతిలోంచి తీసుకుని, బోడిపక్క తలుపు వైపు ఉండేలా స్టేషన్లో నిలబెట్టి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి సుబ్రహ్మణ్యం ఏదో పని మీద ఆ ఇంటికి వెళ్ళాడు. మేడమీద ఇద్దరు నిర్మాతలు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. అచ్యుతరామయ్యగారు పదహారున్నర మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టారు. అందులో ఒకాయన మధ్యలోనే వేలెత్తి చూపించాడు.

"ఆ ఇంజన్‌కి ఇటుపక్క రంగు లేదేమండీ?"

అచ్యుతరామయ్యగారు నిట్టూర్చి, బల్ల కింద నుంచి పాకుతూ ఇవతలికి వచ్చారు. మోకాళ్ళు దులుపుకుని వాళ్ళ పక్కన నిలబడ్డారు.

"జంగయ్యగారని ఒక కార్పెంటరున్నారు," అన్నారు. "ఆయన దొంగ కాదు."