గురువారం సాయంత్రం కీష్

"గుడ్లు కొట్టినవా? ఇయ్యాల గురువారం దుర్గేష్!"

ఆశ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె గొడుగు నుంచి కారిన నీళ్లు ఉప్పల్‌లో దుర్గేష్ ఉండే చిన్న గదిలోకి పారుతున్నాయి. అతని చేతిలో గరిటె, ముక్కు మీద పిండి. అప్పటిదాకా ఉన్న నవ్వు మాత్రం మాయమైంది.

"గురువారమైతే ఏంది?"

"నాన్న గుడ్డు ముట్టడు. నీకు చెప్పలే?"

"చెప్పలే. నీ బ్లడ్ గ్రూప్ చెప్పినవ్, చిన్నప్పుడు పెంచిన కుక్కపిల్ల పేరు చెప్పినవ్. గిదొక్కటి చెప్పలే!"

చిన్న ఓవెన్‌లో కీష్, అంటే పిండి మీద గుడ్లు పోసి కాల్చే ఫ్రెంచి వంటకం, అప్పటికే బంగారు రంగులో పొంగుతోంది.

ఇద్దరూ నాచారంలో ఒకే మందుల కంపెనీ. అతను మెషిన్లు చూస్తాడు, ఆమె ల్యాబ్‌లో పనిచేస్తుంది. క్యాంటీన్‌లో ఆఖరి సమోసా కోసం గొడవపడి, సగం సగం తిని, అప్పటి నుంచి విడిచి ఉండలేకపోతున్నారు. ఆశ తండ్రి నాగేందర్ మౌలాలిలో ఉంటాడు, రైల్వేలో మెకానిక్‌గా రిటైరయ్యాడు. భార్య పోయాక కూతురికి వండిపెట్టి పెంచిన మనిషి. పెళ్లి మాట ఎత్తగానే దుర్గేష్‌కు ఒక పరీక్ష పెట్టాడు. ఏమీ కొనకూడదు. పనిరోజు సాయంత్రం, ఫ్రిజ్‌లో మిగిలినవాటితో వండి పెట్టాలి. నచ్చకపోతే ఆదివారం వరంగల్ సంబంధం వాళ్లు వస్తారు.

అందుకే దుర్గేష్ కీష్ ఎంచుకున్నాడు. సైనిక్‌పురి కేఫ్‌లో ఆశ ఇష్టంగా తిన్నది అదే. మిగిలిన చపాతీ పిండిని పళ్లెంలో పరిచి, పొద్దుటి పాలకూర వేపుడు, సగం ఉల్లిగడ్డ, చీజ్ వేసి, గిలక్కొట్టిన గుడ్లు పోశాడు. అంత తేలిక.

"ఏదన్న ఆర్డర్ పెడదాం," అంది ఆశ ఫోన్ తీసి.

"పెడితే పరీక్ష హోటలోడు రాసినట్టు. నేనే చేస్త."

"టైం లేదు! నాన్న బస్సు దిగిండు. వానకు ఆగిండు, అంతే."

"అయితే వానను జర గట్టిగ పడమను."

అతను సబ్బుతో చేతులు కడిగాడు. వేరే పళ్లెం తీశాడు, వేరే చాకు తీశాడు. మిగిలిన పిండి ముద్ద పరిచాడు. గుడ్లకు బదులు శనగపిండి, పెరుగు, పసుపు, జీలకర్ర కలిపాడు. ఆశ క్యాప్సికం తరుగుతుంటే మోచేతులు తగిలాయి.

"భయమైతలేదా నీకు?" అంది మెల్లగా.

"మస్తు భయమైతుంది. గిన్నె అందుకో."

వాన వాళ్ల మాట వింది కానీ పూర్తిగా వినలేదు. రెండో కీష్ బయటికి తీసేసరికి నడుమ పగిలింది, ఒక పక్క మాడింది. అప్పుడే బెల్ మోగింది.

"మంచిదే పెడదాం," అంది ఆశ. "గుడ్డని చెప్పకపోతే ఆయనకు తెల్వదు." వెంటనే నాలుక కరుచుకుంది. "ఛీ, ఏం మాట్లాడుతున్న నేను!"

"నువ్వు నాక్కావాలె ఆశా. గందుకే మోసం జెయ్య," అని దుర్గేష్ తలుపు తీశాడు.

నాగేందర్ తడిసిన కళ్లద్దాలు తుడుచుకుని రెండు పళ్లేలనూ చూశాడు. వేలు నేరుగా అందమైనదాని వైపు వెళ్లింది.

"గిది మంచిగ పొంగింది. గిదే పెట్టు."

దుర్గేష్ ఆ పళ్లెం పక్కకు జరిపాడు. "అది గుడ్డుది అంకుల్. గురువారం సంగతి తెల్వక ముందే చేసిన. మీకోసం ఇది. పగిలింది, మాడింది గూడ."

"చాకులు రెండెందుకు?"

"ఒకటి గుడ్డుకు తగిలింది."

నాగేందర్ మాడిన ముక్కే తీసుకుని తిన్నాడు. "ఉప్పు తక్కువైంది."

ఆశ ఉప్పు అందుకోబోయింది. ఆయన మాత్రం రెండో ముక్క అందుకున్నాడు.

"గురువారం నియమం నాది గాదు బిడ్డా. మీ అమ్మది. ఆమె పోయినంక విడువబుద్ధి గాలే. ఏ ఇంటికి పోయినా 'ఒక్కరోజుకు ఏమైతది, తిను' అంటరు." దుర్గేష్ వైపు చూశాడు. "నువ్వు అనలే."

ఆశ కళ్లు నిండాయి. తండ్రి ఆ మాట ఆమెకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

వెళ్లేముందు నాగేందర్ గుడ్డు కీష్ వైపు మళ్లీ చూశాడు. "ఓ ముక్క డబ్బాల పెట్టు. రేపు శుక్రవారం, తింట."

దుర్గేష్ పరుగున సర్ది ఇచ్చాడు.

"మా ఇంట్ల ఖాళీ డబ్బా వాపస్ ఇయ్యం," అన్నాడు నాగేందర్ చెప్పులు తొడుక్కుంటూ. "ఆదివారం మీ అమ్మానాన్నను తీస్కొని రా. నింపి ఇస్త."

"ఆదివారం వరంగలోళ్లు వస్తమన్నరు గద నాన్నా?" అడిగింది ఆశ.

"వాళ్లకు వాపస్ ఇయ్యనీకి నా దగ్గర ఏం డబ్బా ఉంది?" అని ఆయన గొడుగు విప్పాడు.