సిగ్నల్ బండ

తార్నాక పక్కన యూనివర్సిటీలో కౌముది అసిస్టెంట్ ప్రొఫెసర్. వానాకాలంలో అడవికప్పలు ఏ వేళకు ఎలా అరుస్తాయో రికార్డు చేయించే ప్రాజెక్టు ఒకటి ఆమె చేతిలో ఉండేది. అడవికి వెళ్లింది మాత్రం ఆమె కాదు, ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సుదర్శన్. జనగామ దగ్గరి పల్లె అతనిది. అడిక్‌మెట్‌లో అద్దెగదికి తాళం వేసి, గోదావరి అవతలి కొండల్లో ఒక గూడెంలో నెల రోజులుగా మకాం పెట్టాడు.

అక్కడ ఫోన్లు పలకవు. గూడేనికి రెండు కిలోమీటర్ల దూరాన గుట్ట మీద ఒక నల్లబండ ఉంది. దాని అంచున నిలబడి చెయ్యి పైకెత్తితే ఫోన్లో ఒక్క గీత తగులుతుంది. గూడెంవాళ్లు దాన్ని సిగ్నల్ బండ అంటారు. సుదర్శన్ రోజూ సాయంత్రం ఆరింటికల్లా ఆ గుట్టెక్కి, ఆనాటి రికార్డింగు పంపి, వెనకే ఒక మాట పెట్టేవాడు.

"ముట్టిందా మేడం?"

అందిందని ఆమె చెప్పాకే అతను దిగాలి. ఆ నియమం కౌముదే పెట్టింది. మొదటివారంలో ఒక ఫైలు సగంలో ఆగిపోతే కోప్పడి, "నేను చూసి చెప్పేదాకా అక్కడే ఉండు" అంది. చెప్పడం మాత్రం తనే మరిచిపోయేది. ఆరింటికి ఆమె తార్నాకలో కూరలు ఏరుకుంటూనో, మెట్రో మెట్లెక్కుతూనో ఉండేది. ఏ గంటకో గుర్తొచ్చి "అందింది" అని కొట్టేది. అంతసేపూ అతను చీకట్లో ఆ బండ మీదే ఉండేవాడు. ఒక్కనాడూ ఇదేమిటని అడగలేదు.

జూలై చివర్లో ఒక సాయంత్రం మామూలు కన్నా పెద్ద మెసేజ్ వచ్చింది.

"మేడం, వాన బాగ పెద్దగైంది. ఉరుముతున్నది. ముట్టిందంటె దిగిపోత."

కౌముది చూసింది. అప్పుడామె హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్లో, తన ప్రమోషన్ ఎవరి వల్ల ఆగిందో స్నేహితురాలితో చెప్పుకుంటోంది. దోసె తిన్నాక చెబుదాంలే అనుకుని ఫోన్ బోర్లించింది. తర్వాత ఇంటికెళ్లి పడుకుంది.

మర్నాడు పొద్దున బండ కింద సుదర్శన్ శవం దొరికింది. పిడుగు పడిందో, కాలు జారిందో ఎవరూ తేల్చలేదు. అతని ఫోన్ దొరకలేదు. ఆ కబురు విన్న పావుగంటలో కౌముది చేసిన మొదటి పని అతని మెసేజీలన్నీ చెరిపేయడం.

పదిహేను రోజులకు సుదర్శన్ తండ్రి పోచయ్య డిపార్ట్‌మెంటుకు వచ్చాడు. అటెండర్ వెంకటస్వామి చెయ్యి పట్టి తెచ్చి ఆమె గదిలో కూర్చోబెట్టాడు. ముసలాయన కుర్చీ అంచునే కూర్చున్నాడు.

"మేడం, నా కొడుకు ఆఖరుకు మీకేమన్న పంపిండా?"

"ఏమీ రాలేదండీ. అక్కడ సిగ్నల్ ఉండదు కదా."

"వచ్చి ఉంటె దిగిపొమ్మని మీరు చెప్తుంటిరి గద?"

"తప్పకుండా చెప్పేదాన్ని."

పోచయ్య లేచి ఆమెకు దండం పెట్టాడు. "పెద్ద మేడం మంచిది నాయినా అని రోజు చెప్పెటోడు" అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆరింటికి కౌముది ఫోన్లో సిగ్నల్ పోయింది. పక్కన నిలబడ్డవాళ్ల ఫోన్లన్నీ మోగుతూనే ఉన్నాయి. పావుగంట తర్వాత దానంతటదే వచ్చింది. మర్నాడూ అంతే, ఆరింటికే. మూడోనాడు తార్నాక చౌరస్తా నడిబొడ్డున, తలెత్తితే నాలుగు టవర్లు కనబడే చోట, ఆమె ఫోన్ మీద ఒక్క గీతా లేదు. సిమ్ మార్చింది. ఫోన్ మార్చింది. ఆరు కొట్టేసరికి మళ్లీ అంతే.

శుక్రవారం నాడు మధ్యాహ్నం నుంచే ముసురు. అయిదున్నరకల్లా డిపార్ట్‌మెంటు ఖాళీ అయింది. పాత రాతికట్టడం, పొడుగాటి వరండా, గోడలనిండా నెమ్ము. పరీక్ష పేపర్లు రెండు మిగిలాయని కౌముది ఆగింది. వెంకటస్వామి గొడుగు పట్టుకుని గేటు దాకా వెళ్లాడు. అంతలో కరెంటు పోయింది.

ఫోన్ చూసింది. ఆరు. గీతల్లేవు.

గదిలోకి ఒక వాసన వచ్చింది. కుళ్లిన ఆకులు, బురద, కాలిన వెంట్రుకలు... మూడూ కలిసిన వాసన. వరండా చివర ఎక్కడో ఒక కప్ప అరిచింది. దానికి ఇంకొకటి బదులిచ్చింది. చూస్తుండగానే వరండా అంతా కప్పల అరుపులతో హోరెత్తింది. వాటిలో ఒక గొంతు ఆమెకు బాగా తెలుసు. ఆ జాతి కప్ప ఆ కొండల్లో తప్ప ఎక్కడా లేదని ఆమే వ్యాసం రాసింది.

సిగ్నల్ లేని ఫోన్ చేతిలో వణికింది. సుదర్శన్ నంబరు. ఒక సౌండ్ ఫైలు.

వద్దనుకుంటూనే వేలు నొక్కింది.

జోరువాన. కప్పలు. కాసేపటికి వాన వెనక్కి తగ్గింది. తర్వాత... ఆమె గొంతు.

'ఏమీ రాలేదండీ. అక్కడ సిగ్నల్ ఉండదు కదా.'

ఈ గదిలో, ఈ కుర్చీలో కూర్చుని అన్నమాట. ఇంత దగ్గరగా... ఆమె భుజం పక్కన నిలబడి రికార్డు చేసినంత దగ్గరగా.

ఫైలు ఆగింది. ఆగగానే వరండాలో కప్పలు కూడా ఆగిపోయాయి. అన్నీ. ఒక్కసారిగా.

కప్పలు ఎప్పుడు అరుపు ఆపుతాయో పదిహేనేళ్లుగా పిల్లలకు ఆమే పాఠం చెబుతోంది. దగ్గర్లో మనిషి అడుగు పడినప్పుడు.

తలుపు అవతల నీళ్లు కారుతున్న చప్పుడు. బట్టల్లోంచి కారినట్టు... బొట్టు బొట్టుగా.

"ముట్టిందా మేడం?"

గుసగుస. కోపం లేదు. రోజూ అడిగినట్టే అడిగాడు.

ఫోన్లో "ముట్టింది" అని కొట్టింది. వెళ్లలేదు. మళ్లీ కొట్టింది. వెళ్లలేదు. పక్కతలుపు తీసుకుని మెట్ల మీదికి పరుగెత్తింది. వెనక తడికాళ్లు తొందరేమీ లేకుండా ఒక్కో మెట్టే ఎక్కుతున్నాయి. డాబా మీదికి చేరింది. వాన కొరడాలా కొట్టింది. ఫోన్ పైకెత్తి అటు తిరిగింది, ఇటు తిరిగింది. పిట్టగోడ ఎక్కింది. అంచున నిలబడి చెయ్యి ఇంకా పైకి చాపింది.

ఒక్క గీత.

ఆ గీత ఉంటుంది, పోతుంది. కాలి కింద గోడ జారుతోంది. ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకే తెలియదు. కాళ్లు కొయ్యబారాయి. దిగుదామంటే భయం, దిగితే గీత పోతుంది. అతను నెల రోజులు ఇలాగే నిలబడ్డాడని అప్పుడు తట్టింది. ఎవరన్నా రండి, నన్ను దించండి అని ఏడుస్తూ అరిచింది. దాన్ని వినేవాళ్లెవరూ లేరు.

"మేడం! గాడెందుకెక్కిన్రు? దిగున్రి!" కింద నుంచి వెంకటస్వామి కేక.

సరిగ్గా అప్పుడే మెసేజ్ వెళ్లింది. రెండు టిక్కులు నీలంగా మారాయి. పిట్టగోడ దిగి చూసింది. మెట్ల మీద ఇక ఎవరూ లేరు.

రాత్రంతా కౌముది కన్ను మూయలేదు. తెల్లవారి ముసురు విడిచింది. తార్నాకలో ఆమె వంటింటి కిటికీ నిండా ఫెళఫెళలాడే ఎండ. పోచయ్యకు ఫోన్ చేసింది. దాచకుండా అంతా చెప్పింది. మెసేజ్ వచ్చిందనీ, చూసిందనీ, దోసె తిన్నదనీ, అబద్ధమాడిందనీ.



"ఇప్పుడెందుకు చెప్తున్నరు మేడం?" అన్నాడు పోచయ్య. "వాని కోసమా, మీరు నిద్రపోవుడు కోసమా?"

ఆమె క్షమించమని అడగడానికి నోరు తెరిచింది.

"ఆగున్రి," అన్నాడు పోచయ్య. "మీకాడ వాన బాగ కొడ్తున్నట్టున్నది. ఏం ఇనవడ్తలేదు."

"వాన లేదండీ. ఎండ కాస్తోంది."

"మరి ఎవలో మొత్తుకుంటున్నరు గద... ఎవలన్న రాండ్రి, నన్ను దించున్రి అని. ఆడమనిషి." ముసలాయన గొంతు తగ్గింది. "అచ్చం మీ గొంతు లెక్కనే ఉన్నది మేడం."