కాళమ్మ కేక

పొద్దున ఆరున్నరకు ఆకుకూరల బండి తోసుకుపోయిన కాళమ్మ, ఎనిమిది కాకముందే తిరిగొచ్చింది. బండిమీద కట్టలన్నీ అట్లాగే ఉన్నాయి.

ఒకప్పుడు "ఆకూ... మెంతాకూ, దంటాకూ!" అని ఆమె మొదటి వీధిలో కేకేస్తే మూడో వీధిలో తలుపులు తెరుచుకునేవి. హోసూరులో ఆ చుట్టుపక్కల అంత గొంతు ఇంకెవరికీ లేదు. మూడు నెలల కిందట ఆపరేషనైంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది, ముక్కుకు తగిలించే మిషను ఆమెకు పడలేదు. చివరికి డాక్టరు కొండనాలుకా, దాని పక్కనున్న కండా కోశాడు. ఊపిరి కుదిరింది. మాట మాత్రం ముక్కులోకి పోయింది. గట్టిగా అరవబోతే గాలంతా ముక్కులోంచే పోతుంది. కాఫీ తాగినా సగం అక్కణ్ణుంచే కారుతుంది, పాపం. ఇంట్లోవాళ్ళకు అలవాటైంది కాబట్టి ఆమె మాట అర్థమవుతుంది.

"ఎవరూ బయటికి రాలేదా అత్తా?" అంది కోడలు కలైవాణి.

"వచ్చినారు, ఇద్దరు పిల్లోళ్ళు. నా మాదిరే ముక్కుతో అరిచి నవ్వుకుంటా పోయినారు."

కొడుకు మాదేశ్ కంపెనీ యూనిఫాం వేసుకుని ఇడ్లీ తింటున్నాడు. "స్పీకరు తెచ్చినా కదమ్మా. కలై గొంతు రికార్డు చేసి పెట్టినాను. బటను నొక్కితే అదే అరుస్తాది."

"వేరేవాళ్ళ గొంతు పెట్టుకొని నేను తిరిగేదా?"

"అయితే ఇంట్లో కూర్చో! నీకేం తక్కువ చేసినాము?"

అంతే, కాళమ్మ స్పీకరు తీసి గడప బయట పెట్టేసింది. విసిరేయలేదు, అదే నయం. "ఇరవై ఐదేండ్లు ఆ గొంతుతోనే నిన్ను సాకినానప్పా. మారిపోతాదని ఒక్కరన్నా చెప్పుంటే కోయించుకుందునా?"

ఆ రోజు డాక్టరు గదిలో కలైవాణి కూడా ఉంది. ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇక ఉండలేక మొగుడి వైపు తిరిగింది. "చెప్పు మామా. లేదంటే నేను చెప్తాను."

మాదేశ్ ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. "నువ్వు రక్తపరీక్షకు పోయినప్పుడు డాక్టరు అడిగినాడమ్మా. మీ అమ్మ పాటలు పాడతాదా, గొంతుతో చేసే పనేమన్నా ఉందా, ఉంటే ఆలోచించాల, గొంతు మారొచ్చు అని."

"నువ్వేమన్నావు?"

"లేదు సార్, ఇంట్లోనే ఉంటాది అన్నాను. వీధుల్లో ఆకు అమ్ముతాదని చెప్పేకి... సిగ్గయింది."

చూడండి మరి! ఆ ఆకు అమ్మే కదా, వాణ్ణి ఐటీఐ చదివించింది. ఆ ఉద్యోగం, ఆ యూనిఫాం అన్నీ ఆ కేక పెట్టిన భిక్షే.

కాళమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గోడకు జారబడి ఏడ్చింది. ఆ ఏడుపు కూడా ముక్కులోంచి వింతగా వచ్చేసరికి, తనకే భయమేసి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏడుపు కూడా నాది కాకుండా పోయిందే కలై" అంది.

"మళ్ళీ డాక్టరు దగ్గరికి పోదామమ్మా. గొంతుకు ఏదో కసరత్తు నేర్పిస్తారంట" అన్నాడు మాదేశ్.

"సరైతాదా?"

అవ్వచ్చు, కాకపోవచ్చు అని డాక్టరు ముందే అన్నాడు. మాదేశ్ చేయి కడుక్కుని, అదే యూనిఫాంతో బండి తోశాడు. కాళమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెనకాలే నడిచింది.

మొదటి వీధిలోనే వాడితో పనిచేసేవాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు. మాదేశ్ నోరు తెరిచి "ఆకూ" అన్నాడు, గొంతు చీలిపోయింది. ఒక్క తలుపూ కదల్లేదు. కళ్ళు మూసుకుని గట్టిగా అరిచాడు. ఒక పెద్దామె బయటికొచ్చింది.

"ఎవరప్పా నువ్వు? కాళమ్మ రాలేదా?"

"వచ్చిందమ్మా. ఈమె మా అమ్మ. ఈమె గొంతు నేనే పోగొట్టినాను." అక్కడే, బండి మీద వాలి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

కాళమ్మ వాడి వీపు మీద చేయి వేసి ఏదో అంది. ఆ మాట పెద్దామెకు అర్థం కాలేదు. మాదేశ్ ముఖం తుడుచుకుని తలెత్తాడు.

"మెంతాకు ఎన్ని కట్టలు కావాలని అడగతా ఉంది మా అమ్మ."